గొలుసు గుక్క

ఫిబ్రవరి 4

నిన్నటి ఉదయం గురించి రాయాలి. విశేషమేమీ లేదు. ఎప్పటిలాంటి ఉదయమే.

లేచాను. ప్రార్థన చేసుకున్నాను. బూట్ల లేసులు కట్టుకున్నాను. చెల్లి అప్పటికే వాకిట్లో మోకాళ్ళు ఎగరేస్తోంది. "అక్కా, నీకు దేవుడితో మాటలు అయిపోతే మనం మనుషులతో మాట్లాడదాం" అంది. రోజూ అనే మాటే. హోటల్ గేటు దగ్గర అతిథులు ఆవలిస్తూ నిలబడి ఉన్నారు. బస్సెక్కి ఊరు చూసేవాళ్ళు వేరు, మా దగ్గరికి వచ్చేవాళ్ళు వేరు. వీళ్ళకి ఊరు పరిగెడుతూ చూడటం కావాలి. తమ్ముడు ఫోనులో వాళ్ళని కుదురుస్తాడు, మరదలు దారి బొమ్మ గీసి పంపుతుంది, చెల్లి అందరికన్నా ముందు పరిగెడుతుంది, నేను అందరికన్నా వెనక. ఇంట్లో మమ్మల్ని తల, తోక అంటారు. తోక పని నీళ్ళ సీసాలు, కట్టు గుడ్డ మోయడం, వెనకబడ్డవాళ్ళని వదిలేయకపోవడం. యాభై దాటాక కూడా చేయగలిగిన పని. నోటితో పని లేదు కాబట్టి లోపల ప్రార్థన సాగుతూ ఉంటుంది.

పూల బజారు దాటి, పాత వంతెన ఎక్కి, గడియారం భవనాన్ని చుట్టి, నది గట్టు మెట్లు దిగి, పడవల రేవు దాకా. చెల్లి చోటుకో గుక్క చెబుతుంది. పరుగు ఆపకుండా ఒక్క ఊపిరిలో చెప్పగలిగినంత మాట ఒక గుక్క. వంతెన గుక్క, గడియారం గుక్క, రేవు గుక్క, అన్నీ తను కూర్చుకున్నవే. చెప్పేటప్పుడు అతిథుల వైపు తిరిగి, వెనక్కి వెనక్కి పరిగెడుతుంది. వచ్చినవాళ్ళు ఊరు చూడటం మాని దాన్నే చూస్తారు.

నిన్న పూల బజారులో చెల్లి కాలు నేరుగా వెళ్ళి పూలమ్మే ఆమె బకెట్టులో పడింది. నీళ్ళన్నీ ఒలికిపోయాయి. "ఓ పిట్టా, నా బకెట్టులో కాపురం పెడతావా ఏంటి?" అంది ఆమె. ఆ బజారంతా దాన్ని పిట్ట అనే పిలుస్తుంది. అతిథులు నవ్వారు. చెల్లి కూడా నవ్వింది, కాలు దులుపుకుంది, పరిగెత్తింది.

బకెట్టు ఎన్నో ఏళ్ళుగా అక్కడే ఉంటోంది.

మధ్యాహ్నం చెల్లి నన్ను కళ్ళ డాక్టరు దగ్గరికి వెంటబెట్టుకు వెళ్ళింది. నాకు చెప్పకుండా అంతకుముందే ఒకసారి వెళ్ళి వచ్చిందట. దాని చూపు అంచుల నుంచి మూసుకుపోతోంది. గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది. కాళ్ళ దగ్గర ఉన్నది కనిపించదు. గొట్టం సన్నబడుతూ పోతుంది. మందు లేదు. బయటికి వచ్చాక నా చెయ్యి పట్టుకుంది.

"ఎవరికీ చెప్పకు. తమ్ముడికి తెలిస్తే రేపే ఆపేస్తాడు. పరుగు లేకపోతే నేనింకేం మిగులుతానక్కా?"

ఎవరితోనూ అననని దేవుడి మీద మాటిచ్చాను. ఇందులో రాసుకుంటే అన్నట్టు కాదు.

ఫిబ్రవరి 7

ఉపాయం దొరికింది. రోజూ సాయంత్రం నేను ఒక్కదాన్నే ఆ దారంతా నడిచి వస్తాను. ఎక్కడ తవ్వారు, ఏం నిలబెట్టారు, ఏ మూత లేచిపోయింది, చూసి చెల్లికి చెబుతాను. దారి దాని పాదాలకి కంఠస్థం. మారిన వాటి సంగతి ఒక్కటే నేను చెప్పాలి.

ఇంట్లో మాత్రం, మోకాళ్ళకి నడక మంచిదట అన్నాను. అబద్ధం కాదు. మంచిదే కదా.

ఫిబ్రవరి 8

వంతెన దిగేచోట ఇసుక పోశారు. చెప్పాను. ఇవాళ దాన్ని చుట్టి వెళ్ళింది, కనపడినట్టే.

ఫిబ్రవరి 15

నేను కూరగాయలు తరుగుతుంటే చెల్లి వంటింటి నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుంటుంది. నేను దారి చెబుతాను. అది కళ్ళు మూసుకుని అప్పజెబుతుంది. ఎక్కాలు అప్పజెప్పినట్టు. అమ్మ పోయిన ఏడు కూడా ఇలాగే నా ముందు కూర్చునేది, నేను తల ఊపేదాకా లేచేది కాదు. తరవాత పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది. అతను పోయాక తిరిగి వచ్చింది. వచ్చాక కూడా నా మాట ఇంత శ్రద్ధగా విన్నది లేదు.

"అక్కా, నీ గొంతుతోనే నాకు రోడ్డు కనపడుతోంది తెలుసా" అంది.

ఈ మధ్య ప్రార్థన బాగా సాగుతోంది.

ఫిబ్రవరి 23

నేను లేకపోతే ఇది ఏమైపోయేదో.

మార్చి 2

భోజనాల దగ్గర మరదలు ఆగలేకపోయింది. "పెద్దొదినా, విన్నారా? హోటల్ మేనేజరు చిన్నొదినని వాళ్ళలో చేరమంటున్నాడు. పరుగులు ఇక వాళ్ళే నడుపుతారట. జీతం ఇస్తారట, గది ఇస్తారట. హోటల్లోనే ఉండిపోవాలట."

"అయితే మనకి పోటీ మన వంటింట్లోంచే బయల్దేరుతోందన్నమాట" అన్నాడు తమ్ముడు. నవ్వుతూనే అన్నాడు. "వెళ్ళనియ్ పెద్దక్కా. మనం వేరే దారులు చూసుకుందాం. చిన్నక్క ఈ ఇంట్లో ఇంకెన్నాళ్ళు నీ పక్క మంచం మీద పడుకుంటుంది?"

చెల్లి పళ్ళెంలోకి చూస్తూ, "అక్క ఎలా అంటే అలా" అంది.

అందరూ నా వైపు చూశారు. దేవుడి చిత్తం అన్నాను. మజ్జిగ వడ్డించాను.

మార్చి 3

దుప్పట్లు ఆరేస్తూ అడిగాను. "అక్కడ నీకు దారి ఎవరు చూసి చెబుతారు?"

"మేనేజరుకి చెప్పేశానక్కా."

"ఏం చెప్పావు?"

"కళ్ళ సంగతి. దాచిపెట్టి చేరితే బాగుండదు కదా. ఆయనేం కంగారు పడలేదు. పక్కన పరిగెత్తడానికి ఒక తోడు మనిషిని పెడతాడట. చూపు లేనివాళ్ళు అలాగే పరిగెడతారట, చేతికీ చేతికీ మధ్య చిన్న తాడు కట్టుకుని. తోడు మనిషి అడుగడుగునా చెబుతూ ఉంటుంది. నేను వింటూ పరిగెత్తడమే." దాని ముఖం వెలిగిపోతోంది. "నీకూ శ్రమ తప్పుతుంది. రోజూ ఊరంతా తిరగక్కర్లేదు."

నా శ్రమ గురించి ఆలోచించింది. మంచి పిల్ల.

నా దగ్గర మాత్రం దేవుడి మీద ఒట్టు వేయించుకుంది. అతనితో కాఫీ తాగుతూ చెప్పేసింది.

మార్చి 4

ప్రార్థనలో మనసు నిలవలేదు.

మార్చి 5

నిలిచింది.

మార్చి 10

గడియారం భవనానికి మరమ్మతులు. నిన్న సాయంత్రం చూసేసరికి పైనుంచి కిందదాకా ఆకుపచ్చ గుడ్డ కప్పేసి ఉంది. గడియారం కూడా లోపలే. కాలికి తగిలేది కాదు కదా, చెప్పేదేముంది అనుకున్నాను. అంత పెద్ద భవనం.

ఇవాళ చెల్లి అతిథుల వైపు తిరిగి, భుజం మీదుగా వెనక్కి వేలు చూపిస్తూ గుక్క అందుకుంది. "అదుగో పెద్ద ముల్లు, బంగారు పూత, దాని చివర వాలిన కొంగని చూశారా, రాతిదో నిజందో చెప్పండి చూద్దాం..."  అతిథుల్లో ఒక పొడుగాయన, "మాకు పెద్ద పరదా కనపడుతోందండీ. కొంగ స్నానం చేస్తోందేమో" అన్నాడు. అంతా గొల్లున నవ్వారు. చెల్లి వెనక్కి తిరిగి చూసింది. చాలాసేపు చూసింది. తరవాత అది కూడా నవ్వింది, "సిగ్గరి కొంగ" అని.

వెనక నుంచి చూస్తే దాని మెడ ఎర్రగా అయింది.

ఇంటికొచ్చాక, "అక్కా, చెప్పలేదేం?" అంది.

"మరిచిపోయానే."

"నువ్వా? మరిచిపోవడమా?" అని నా బుగ్గ గిల్లింది. "పోన్లే. ఇంకెన్నాళ్ళులే ఈ బాధ నీకు."

మార్చి 15

గట్టు మెట్ల పైన కొత్తగా ఇనప గుంజలు పాతి గొలుసు కట్టారు, బళ్ళు దిగకుండా. మోకాళ్ళ కిందికి వస్తుంది. గట్టిదే.

పూలమ్మే ఆమె సాయంత్రాలు బుట్ట తెచ్చుకుని గట్టు మీద కూర్చుంటుంది. పలకరించాను.

ఇల్లు చేరేసరికి ప్రార్థన వేళ. ప్రార్థన అయ్యేసరికి చెల్లి పడుకుంది. ఈ మధ్య సరిగ్గా నిద్రపోవడం లేదు, పాపం. లేపలేదు.

మార్చి 16

చెల్లి పడింది.

మార్చి 17

వివరంగా రాస్తే మనసు తేలికవుతుందేమో.

నిన్న పొద్దున బయల్దేరేటప్పుడు "దారిలో ఏమైనా ఉందా అక్కా?" అంది. నేను తల అడ్డంగా ఊపాను. ఇంకా వెలుగు రాలేదు. తల ఊపడం దానికి కనిపించి ఉండదు. కాబట్టి నేను ఏమీ చెప్పినట్టు కాదు.

రేవు గుక్క గట్టు మీదే మొదలుపెడుతుంది, మెట్లు దిగేసరికి పూర్తవ్వాలని. ఆ గుక్కకి ఊపిరి ఎక్కువ కావాలి, అందుకని అక్కడ వేగం పెంచుతుంది, మెట్లున్నాయని ముందుకి తిరిగే పరిగెడుతుంది. గొలుసు మోకాళ్ళ కింద తగిలింది. మెట్ల మీదికి బోర్లా వెళ్ళింది. వెనకే వస్తున్న పొడుగాయన ఆగలేక దాని మీదుగా దూకి కాలు మెలిపెట్టుకున్నాడు. నేను అందరికన్నా వెనక ఉన్నాను. తోకని కదా. నేను చేరేసరికి మనుషులు మూగి ఉన్నారు. కట్టు గుడ్డ నా సంచీలోనే ఉంది.

కుడి చెయ్యి విరిగింది. ముందు పళ్ళు రెండు పోయాయి. పెదవికి కుట్లు పడ్డాయి. ఒక పన్ను మెట్టు మీద దొరికింది, గుడ్డలో చుట్టి తెచ్చాను. డాక్టరు ఇంక పనికిరాదన్నాడు.

గొలుసు తెగలేదు.

మార్చి 18

ఆసుపత్రివాళ్ళు కళ్ళు కూడా చూశారు. తమ్ముడికి తెలిసిపోయింది. వరండాలోకి పిలిచి అడిగాడు.

"నీకు ముందే తెలుసా పెద్దక్కా?"

"మాటిచ్చానురా."

"మరి దారి?"

"రోజూ నేనే చూసి చెబుతున్నాను."

"గొలుసు చూడలేదా?"

"ఆ పొద్దునే కట్టారేమో."

ఏమో అన్నాను. కట్టారని అనలేదు.

తమ్ముడు నా భుజం మీద తల పెట్టి ఏడ్చాడు. "నువ్వు లేకపోతే ఇది ఎప్పుడో పడేది" అన్నాడు.

మార్చి 20

హోటల్ మేనేజరు పళ్ళు పట్టుకుని వచ్చాడు. పళ్ళు లేనిదానికి పళ్ళు. ఆ మాట అన్నది చెల్లే, ఎడమ చేత్తో పలక మీద రాసి. అతను నవ్వలేకపోయాడు. అతిథికి దెబ్బ తగిలాక పైవాళ్ళు ఒప్పుకోవడం లేదని, తను ఎంతో చెప్పి చూశానని, వంచిన తల ఎత్తకుండా అన్నాడు. చెల్లి ఏదో చెప్పబోయింది. కుట్లు లాగి మాట రాలేదు, గాలి వచ్చింది.

నేనే సమాధానం చెప్పాను. "మీరు బాధపడకండి. దానికి ఇల్లుంది, నేనున్నాను."

మార్చి 25

చెల్లిని ఇంటికి తెచ్చాం. పూలమ్మే ఆమె చూడటానికి వచ్చింది. మంచం పట్టీ మీద కూర్చుని చెల్లి కాళ్ళు నిమిరింది.

"నీ నోరు పోయాక బజారుకి తెల్లారినట్టే లేదే పిట్టా. ఆ గొలుసు మండిపోనూ! ముందు రోజు సాయంత్రం మీ అక్క పట్టుకుని ఊపి ఊపి చూసింది కూడాను. 'గట్టిగానే కట్టారు' అంది నాతో. అంత గట్టిగా కట్టకపోయినా బాగుండును. కనీసం తెగిపోయేది."

నా చేతిలో టీ గ్లాసులున్నాయి. ఒకటి ఆమెకిచ్చాను. తమ్ముడూ మరదలూ అప్పుడు ఇంట్లో లేరు.

చెల్లి నా వైపు తిరగలేదు. నేను ఎటు నిలబడ్డానో తెలియలేదేమో. చూపు బాగా తగ్గిందన్నారు. దెబ్బ వల్ల కాదట, ఎలాగూ తగ్గేదేనట.

ఆ పొద్దున అది అడిగినప్పుడు నేను తాళం వెతుకుతున్నాను. దాని మాట నాకు వినపడలేదు.

మార్చి 26

అడగలేదు.

మార్చి 27

అడగలేదు.

మార్చి 30

ఇవాళ అడిగింది. మంచినీళ్ళు.

ఏప్రిల్ 11

అన్నం కలిపి నేనే పెడుతున్నాను. తల దువ్వుతున్నాను. చిన్నప్పటిలా ఉంది. నెమ్మదిగా నములుతుంది. నేను ప్రార్థనకి కూర్చునేదాకా పేచీ లేదు. కూర్చోగానే పిలుస్తుంది.

"అక్కా, నా ఎదురుగా ఏముంది?"

"గోడ."

"గోడ మీద?"

"క్యాలెండరు."

"ఎడమ పక్కన?"

"కుర్చీ. దాని మీద నీ తువాలు."

"ఇంకా?"

"ఇంకేం లేదు."

"ఏమైనా మరిచిపోయావేమో, మళ్ళీ చూడు."

మళ్ళీ చూశాను. ఏమీ లేదు. ప్రార్థన మొదటి నుంచి ఎత్తుకున్నాను. మళ్ళీ పిలిచింది.

పళ్ళు లేక స అనాల్సిన చోటల్లా ఈల వస్తుంది. పాపం, నవ్వు రాకూడదు.

ఏప్రిల్ 19

అదే. గోడ, క్యాలెండరు, కుర్చీ.

"నేను కాపురానికి వచ్చాక పెద్దొదిన నోట ఇన్ని మాటలు ఎప్పుడూ వినలేదు. చిన్నొదిన పడటం ఒకందుకు మంచిదే అయింది" అంది మరదలు. నోరు జారిందని నాలుక కరుచుకుంది. చెల్లి పడీ పడీ నవ్వింది.

ఏప్రిల్ 28

నా మీద కోపం ఉంటే నా చేతి అన్నం తింటుందా? తినదు కదా.

మే 9

కొత్త పళ్ళు పెట్టారు. మాట మునుపటిలా వచ్చింది. చెయ్యి కూడా బాగయింది. వాకిట్లో నిలబడి, ఉన్నచోటనే మోకాళ్ళు ఎగరేస్తోంది. ఎదురుగా నేను ఉన్నానని తెలియదు. ముఖం మీద వెలుగు, ఆ రోజు దుప్పట్ల దగ్గరున్నట్టే.

పడుకోబోయే ముందు చెప్పాను, "ఇంక అవన్నీ ఎందుకే. ఇంట్లో ఉండు. నేను చూసుకుంటాను."

"నువ్వే చూసుకోవాలక్కా" అంది.

మే 21

సాయంత్రం అందరం వంటింట్లోనే కూర్చున్నాం. చెల్లే పిలిచింది, మాట్లాడాలని. కింద కూర్చుంటుందనుకున్నాను. కుర్చీ అడిగి కూర్చుంది.

"నేను మళ్ళీ పరిగెడతాను. తాడు కట్టుకుని, తోడు మనిషితో."

"తోడు మనిషిని ఎక్కణ్ణుంచి తెస్తాం చిన్నక్కా? నీ వేగానికి సరిపోయేవాళ్ళు..." అన్నాడు తమ్ముడు.

"వేగం తగ్గించుకుంటా. అక్క ఉందిగా."

నా వయసు గుర్తు చేశాను. మోకాళ్ళ సంగతి చెప్పాను.

"మోకాళ్ళకి నడక మంచిదని నువ్వే అన్నావు" అంది చెల్లి. "ఇంతకాలం నా దారి చూసింది అక్కే. వేరేవాళ్ళ మాట నేను నమ్మను. దగ్గర్లో గుంట ఉన్నా, రాయి ఉన్నా, అడుగడుగునా చెబుతూనే ఉండాలి. నోరు ఆగకూడదు."

"పరుగులో నేను ప్రార్థన చేసుకుంటాను కదే."

"ఇంటికొచ్చాక చేసుకుందువుగాని. దేవుడు ఎక్కడికీ పోడు. ఇక నేనూ ఎక్కడికీ పోను."

తమ్ముడి కళ్ళు చెమర్చాయి. మరదలు చప్పట్లు కొట్టింది. "అబ్బ, అక్కచెల్లెళ్ళ పరుగు! ఇలా ఊరు చూపించేవాళ్ళు ఇంకెవరున్నారు? ఫోటో తీసి పెట్టానంటే అతిథులు బారులు తీరతారు." అప్పుడే ఫోను తీసి మమ్మల్ని పక్కపక్కన నిలబెట్టింది. చెల్లి నా చెయ్యి పట్టుకుంది. చాలా గట్టిగా పట్టుకుంది.

"ఇంకొక్కటి" అంది. "గట్టు మెట్ల పైన గొలుసు ఉంది కదా. అక్కడ రోజూ ఆగాలి. కొత్త గుక్క ఒకటి పెడదాం. మిగతావన్నీ నావి. అది మాత్రం అక్క చెబుతుంది."

"గొలుసు గుక్కా? అందులో చెప్పడానికి ఏముంది?" అన్నాడు తమ్ముడు.

"నేను ఎలా పడ్డానో. ఎవరెక్కడ కూలారో చూడటమంటే అతిథులకి భలే ఇష్టం. రాజైతేనేం, నేనైతేనేం?"

తమ్ముడు ఇబ్బందిగా కదిలాడు. మరదలు బాగుంటుందంది, నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది, రెండూ కావాలి అంది.

"నేను వెనకెక్కడో ఉన్నాను. నాకేం తెలుసు" అన్నాను.

"ముందు రోజు సాయంత్రం నుంచి మొదలుపెట్టు" అంది చెల్లి. నా వైపే తిరిగి అంది. ఈసారి నేను ఎక్కడున్నానో దానికి సరిగ్గా తెలుసు. "ఒక్క ఊపిరికే సరిపోవాలి. మధ్యలో ఆగిపోతే మళ్ళీ మొదటి నుంచి."

ఎవరూ ఏమీ అడగలేదు. తమ్ముడు బట్టల తాడులోంచి ఒక ముక్క కోసుకొచ్చాడు. పొడుగైందంది చెల్లి. ఇంకా కోశాడు. ఇంకా పొడుగే అంది. చివరికి జానెడు మిగిలింది.

నిర్ణయం అయింది. ఎల్లుండి నుంచే పరుగు. ఇక తలా లేదు, తోకా లేదు, ఇద్దరం ముందే. గొలుసు గుక్క రేపు పొద్దున నేను చెల్లికి అప్పజెప్పాలి. చెల్లి కుర్చీలో కూర్చుంటుంది, నేను ఎదురుగా నేల మీద. తమ్ముడూ మరదలూ కూడా వింటామన్నారు. అందరికీ వీలైన వేళ నా ప్రార్థన వేళే అయింది.